పేరు తీసేయమన్న ఉత్తరం

చీర మడతలో పసుపు కలిపిన బియ్యం ఉన్నాయి. గుప్పెడు కూడా లేవు. వాటి పక్కన రెండు ఎండు కొబ్బరి కుడుకలు, రెండు పోకవక్కలు, ఒక పసుపుకొమ్ము. ఫోన్‌లో ఆ ఫోటోను పెద్దది చేసి ఎంతసేపు చూసినా, భార్యను వెతుకుతున్న మొగుడు పంపిన డబ్బాలా అనిపించలేదు నాకు.

మధులికకు మాత్రం అలాగే అనిపించింది.

"ఆయనే అక్కా. ఇంకెవరు? నేనేడున్ననో తెలిసిందని చెప్తున్నడు. గంతే." ఫోన్‌లో అంటోంది.

"జర నిమ్మళంగ చెప్పు. డబ్బా ఎప్పుడొచ్చింది?"

"మొన్న గురువారం. బడి నుంచి అచ్చి చెప్పులిడుస్తున్న, నాలుగు యాభై అయ్యింది. కొరియరాయన పేరడిగిండు, సంతకం పెట్టమన్నడు. పంపినోళ్ళ పేరుకాడ షాపు పేరే ఉన్నది."

మధులిక కరీంనగర్‌లో మొగుడు సంతోష్‌రావు ఇంటి నుంచి బయటికొచ్చి పదకొండు నెలలైంది. ఎందుకొచ్చిందో నాకు ఒక్కసారే చెప్పింది, మెడ మీది మచ్చ చూపించి. బోథ్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ప్రైవేటు బడిలో చిన్న పిల్లలకు చదువు చెబుతోంది. తల్లి ఆమె తొమ్మిదో తరగతిలో ఉండగానే పోయింది. తమ్ముడికి కూడా బోథ్ పేరు చెప్పలేదు. సంతోష్‌రావు ఆమెను పట్టుకోవడానికి ఒక డిటెక్టివ్‌ను పెట్టాడని విని, తను కనబడకుండా ఉండేలా చూడమని అదే పని చేసే నన్ను పెట్టుకుంది. అంటే నా పని కనిపెట్టడం కాదు. ఒక అడ్రస్‌ను కాపాడడం.

"ఆలోచించు మధులికా. ఈ అడ్రస్ ఎవరికన్నా కాగితం మీద రాసిచ్చినవా?"

"షాపోళ్ళకే ఇచ్చిన అక్కా. నా పేరు తీసేయమని ఉత్తరం రాసిన గదా, అండ్ల."

ఆ ఉత్తరం కథ ఇది. దసరాకు ముందు బడి ఫంక్షన్ కోసం మధులిక ఆదిలాబాద్‌లో ఒక చీర కొన్నది. ఆ షాపు కరీంనగర్‌లో వాళ్ళ అత్తగారింటివాళ్ళు తరతరాలుగా కొనే మూడు చిలకల షాపుకు బ్రాంచి. కౌంటర్‌లో అమ్మాయి "మేడం, ఫోన్ నంబర్?" అని అడిగింది. ఆరేళ్ళ కాపురంలో ఆ షాపులో ఎప్పుడు అడిగినా చెప్పింది ఒకటే నంబర్, అత్తగారు మనోరమది. ఇంట్లో ఆడవాళ్ళందరి చీరలకూ ఆ నంబర్ మీదున్న ఒక్క షాపు కార్డే. నాలుక మీద ఉన్న నంబర్ నాలుక చెప్పేసింది. బయటికొచ్చాక తెలిసింది ఏం చేసిందో. "మా ఆదిలాబాద్ బ్రాంచిలో కొన్నందుకు కృతజ్ఞతలు" అన్న మెసేజ్ అప్పటికే కరీంనగర్‌లో అత్తగారి ఫోన్‌కు పోయింది.

రోజులు గడిచినా ఎవరూ రాలేదు. అయినా మధులికకు నిద్ర పట్టలేదు. ఆ షాపులో తన పేరు, పెళ్ళిరోజు, కొన్న చీరల వివరాలు ఏవీ ఉండొద్దని, అన్నీ తీసేయమని ఉత్తరం రాసింది. షాపువాళ్ళ ఫారంలో 'ప్రస్తుత చిరునామా' అని ఒక గడి ఉంది. ఫారంలో గడి కనిపిస్తే నింపడం టీచరమ్మకు అలవాటు.

ఆమె దాచుకున్న అడ్రస్ ఈ భూమి మీద ఒకే ఒక కాగితంలో ఉంది. అన్నీ తీసేయమని అడిగిన కాగితంలోనే.

"ఇయ్యాల బడికి పోకు. తలుపేసుకుని ఉండు. నేను షాపుకు పోతున్న" అన్నాను.

*

ఆ శనివారమే పదకొండు గంటల పది నిమిషాలకు కరీంనగర్‌లో మూడు చిలకల షాపు కౌంటర్ ముందు నిలబడ్డాను. కొనుగోలుదారుల వివరాల బాధ్యత చూసేది ప్రణతి, యజమాని మనవరాలు. హైదరాబాద్‌లో చదివి వచ్చి ఏడాదైంది. ఆమె వెనుక గోడకు పెద్ద బోర్డు. 'మీ వివరాలు మీవి. అడిగితే ఇస్తాము. తీసేయమంటే తీసేస్తాము.'

మధులిక సంతకంతో ఉన్న అధికార పత్రం ఆమె ముందు పెట్టాను. అది చాలదన్నది ప్రణతి. మంచిదే. మధులికకు వీడియో కాల్ చేయించాను. చివరిసారి ఏం కొన్నారు, ఏ రంగు, కౌంటర్‌లో ఎవరున్నారు అని ప్రణతి మూడు ప్రశ్నలు వేసింది. ఆదిలాబాద్ బ్రాంచికి ఫోన్ చేసి, మూడు జవాబులూ సరిపోయాయని తేలాకనే నాకు కుర్చీ చూపించింది.

"మధులిక ఉత్తరం ఎప్పుడొచ్చింది?" అడిగాను.

"మూడో తారీఖు, సోమవారం."

"తీసేసింది?"

"ఆరున. సాయంత్రం నాలుగు పదికి. చూడున్రి." ఆమె కంప్యూటర్ నావైపు తిప్పి పేరు కొట్టింది. వివరాలు లేవు అని వచ్చింది. "మేము పర్‌ఫెక్ట్‌గ చేసినం అక్కా."

"ఈ డబ్బా మీ షాపు నుంచి బయలుదేరింది పదకొండున. ఆరున తీసేసిన అడ్రస్, పదకొండున డబ్బా మీదికి ఎట్ల ఎక్కింది?"

ఫోటో చూసిన ప్రణతి రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుంది. షాపు స్టిక్కర్ వాళ్ళదే. రాత చేతిరాత.

"ఉత్తరం వచ్చినంక, తీసేసే ముందు ఏం చేస్తరు మీరు?"

"కార్డు మీదున్న నంబర్‌కు ఫోన్ చేసి కన్‌ఫర్మ్ చేసుకుంటం. వేరేవాళ్ళు ఎవరన్న రాస్తే? అందుకని. అయిదో తారీఖు సాంబయ్య కాక చేసిండు."

"కార్డు మీది నంబర్ ఎవరిది?"

ఆ నంబర్ మధులికది కాదని అప్పుడు తట్టింది ఆమెకు.

"అడిగింది మధులిక. మీరు అడగాల్సింది ఆమెను. ఇప్పుడు నా ముందల మూడు ప్రశ్నలు అడిగినవ్ సూడు, గట్ల. మీరు ఆమె ఎవరికెల్లి దాక్కుంటుందో వాళ్ళింటికే ఫోన్ చేసి అడిగిన్రు."

"మాకు తెల్వదు గద అక్కా..."

"తెల్వదు. ఉత్తరం ఏది?"

"ఫైల్‌ల ఉన్నది. తీసేసినమని రేపెవరన్న అడిగితే రుజువుండాలె గదా." ఆమె లేచి నీలం ఫైల్ తెచ్చింది. మొదటి కాగితం మధులికదే. ఇంటి నంబర్, వీధి, ఓనర్ పేరు, బోథ్ మండలం, పిన్‌కోడ్. పిల్లలకు పలక మీద రాసినట్టు గుండ్రటి అక్షరాలు. దాన్ని చూస్తూ ప్రణతి తనలో తాను మాట్లాడుకున్నట్టు అన్నది. "అన్నీ తీసేసి గిదొక్కటి ఉంచినం."

ఆమె కళ్ళు తడిశాయి. తిట్టాలని వచ్చినదాన్ని తిట్టలేకపోయాను.

*

సాంబయ్య కూర్చునే గది పైన ఉంది. ముప్పై ఏడేళ్ళుగా ఆ షాపులో పెళ్ళిళ్ళ ఆర్డర్లు, పండుగ పిలుపులు ఆయన చేతి మీదే నడుస్తున్నాయి. గదిలో ఒక ప్యాకింగ్ బల్ల, అట్టడబ్బాలు, ఒక గూట్లో ఎర్రటి అట్ట వేసిన లావు పుస్తకం. శ్రావణమాసంలో ఏ ఇంటికి పిలుపు పోవాలో, ఏ ఇంట్లో ఎంతమంది ఆడవాళ్ళున్నారో రాసుకునే పుస్తకం. బొట్టుబుక్కు అంటారట దాన్ని. ఇంటికొక పేజీ, పేజీ పైన కుంకుమ బొట్టు.

ముందు బల్ల చూశాను. చెక్కల సందులో పసుపు అంటుకుని ఉంది. పిన్నీసుతో గీకితే మూడు బియ్యపు గింజలు బయటపడ్డాయి. వాటిని అరచేతిలో పెట్టుకుని సాంబయ్య వైపు తిరిగాను.

"కాకా, మీ షాపుల చీరలన్నీ పసుపుబియ్యం పోసే పంపుతరా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"నేను చెప్ప బిడ్డా. మాటిచ్చిన."

"ఎవరికి?"

"గదే చెప్ప అంటున్న."

"సరే, నేనే చెప్త. తప్పయితే ఆపు. అయిదో తారీఖు నువ్వు ఫోన్ చేస్తే మనోరమమ్మ ఎత్తింది. మధులిక అడ్రస్ చెప్పినవ్. ఆమె వచ్చి చీర తీసుకున్నది. ఈ బల్ల మీదనే కట్టిన్రు. డబ్బా మీద రాత నీదే."

సాంబయ్య ఆపలేదు. కొంగు లేని మనిషి కాబట్టి భుజం మీది తువ్వాల కళ్ళకు అద్దుకున్నాడు.

"నేను వద్దనుకుంటనే ఫోన్ జేసిన బిడ్డా. సూడు, గీ బుక్కుల పేరు కొట్టేసుడంటే..." ఆయన పేజీలు తిప్పాడు. అక్కడక్కడా ఎర్ర సిరాతో గీతలు. "గీళ్ళంత పోయినోళ్ళు. బతికున్న ముత్తయిదువ పేరు మీద గీత గీసుడు నాతోని కాలే. పిల్లకు ఏమన్నయ్యిందో ఏమో అని పరేషానయ్యి అడిగిన. అమ్మా, మీ కోడలు పేరు తీసెయ్యిమని కాయిదం అచ్చింది, బోథ్‌కెల్లి, నిజమేనా అంటి. ఆమె జరసేపు మాట్లాడలే. ఫోన్ కట్టయ్యిందనుకున్న. ఆమెనే అన్నది, తీసెయ్యి సాంబయ్యా, పిల్ల ఎట్లడిగితే గట్లనే చెయ్యి అని."

"అడ్రస్?"

"పదో తారీఖు ఆమెనే ఆటోల అచ్చింది. చేతిరుమాల్ల బియ్యం మూటగట్టుకోని అచ్చింది. తల్లి లేని పిల్ల, ఒడిబియ్యం ఎవరు పోస్తరు సాంబయ్యా, నేనే పోస్త అన్నది." "ఆడిబిడ్డ పచ్చగుండాలని తల్లిగారోళ్ళు ఒడిల పోస్తరు బిడ్డా. అత్త పోసుడు నా జిందగీల సూడలే. నా తమ్ముని బిడ్డ గట్లనే ఇల్లిడిసి అచ్చింది. గామెకు ఎవ్వలు పొయ్యలే. నేనెట్ల కాదంట?"

ఎవరూ చెడ్డపని చేయలేదు. ఒక అమ్మాయి రూలు పాటించింది, ఒక ముసలాయన పేరు మీద గీత గీయలేకపోయాడు, ఒక అత్త కోడలికి ఒడిబియ్యం పోసింది. ముగ్గురూ కలిసి దాక్కున్న మనిషి ఇంటికి దారి వేశారు.

"కాకా, మధులిక పేరు ఈ బుక్కుల ఉండొద్దు. ఆమె అడిగింది. కంప్యూటర్‌ల తీసేస్తే సగమే అయినట్టు."

ఆయన ఎర్రపెన్ను తీశాడు. మూత తీశాడు. మళ్ళీ పెట్టేశాడు. చాలాసేపు ఆ పేజీని చూసి, చివరికి కుట్టు దగ్గర వేలితో ఒత్తి, చిరగకుండా మెల్లగా ఊడదీశాడు. నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టాడు.

"గీత గియ్య. ఆమె పేరు ఆమెకే ఇయ్యి."

*

కిందికి దిగేసరికి కౌంటర్ ముందు శరత్‌చంద్ర నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో తోలు ఫైల్. సంతోష్‌రావు పెట్టుకున్న డిటెక్టివ్ ఈయనే. ఒకప్పుడు రెండేళ్ళు నేను ఈయన ఆఫీసులోనే పనిచేశాను.

"జమునా! ఇంక గా జిరాక్స్ షాపు మీది ఆఫీసులనే ఉన్నవా?"

"ఉన్న సార్. మెట్లెక్కలేక మీరే వస్తలేరు."

ఆయన నవ్వి ప్రణతి వైపు ఒక కాగితం జరిపాడు. టైపు చేసిన ఉత్తరం. 'నా పేరు మీదున్న కార్డుకు సంబంధించిన అన్ని వివరాలు, దానికి సంబంధించి మీకు అందిన ఉత్తరాల ప్రతులు నా ప్రతినిధికి ఇవ్వగలరు.' కింద మనోరమ అని వంకర లేని సంతకం. తేదీ ఈరోజే, సమయం ఉదయం పది.

"కార్డు ఆమెది. వివరాలు ఆమెవి. అడిగితే ఇస్తమని మీరే బోర్డు పెట్టుకున్నరు" అన్నాడు.

ప్రణతి నావైపు చూసింది. చెయ్యి నీలం ఫైల్ మీద ఉంది. ఆ ఫైల్ అటు పోతే, సాయంత్రానికి మధులిక తలుపు ముందు సంతోష్‌రావు ఉంటాడు.

"మనోరమమ్మ వివరాలు మనోరమమ్మవి" అన్నాను. "మధులిక రాసిన ఉత్తరం మధులికది. ఒక కార్డు మీద కొన్నంత మాత్రాన ఇద్దరు మనుషులు ఒక్కరైపోరు."

"లా చదువుతున్నవా ఏంది?"

"చదవలే సార్. బోర్డు చదివిన. మీ వివరాలు మీవి అని రాసున్నది. మీ ఇంటోళ్ళయి కూడా మీవే అని రాయలే."

"ఇంట్ల పిల్ల తప్పిపోతే వెతుక్కునుడు తప్పా? ఆమెకు మనసు మంచిగ లేదు జమునా. డాక్టర్ కాయిదాలున్నయి. ఆ తల్లి ఏడుస్తుంది."

"ఏడుస్తుంటే మీరు చూసిన్రా?"

ఆయన తోలు ఫైల్ సర్దుకున్నాడు. నేను ప్రణతికి చెప్పాను. "అడుగుతున్నది మనోరమమ్మనే అని ముందు తేల్చుకో. కార్డు మీదున్న ఆమె నంబర్‌కే ఫోన్ చెయ్యి."

ప్రణతి స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది. రెండో రింగుకే ఎత్తారు. మగ గొంతు.

"మనోరమ మేడం ఉన్నరా సార్?"

"అమ్మ దేవునర్రల ఉన్నది. నేను కొడుకును. మా మనిషొస్తడు, కాయిదాలియ్యున్రి."

ఆ మాట వెనుకనే పెద్ద లారీ హారన్ మోగింది, దగ్గరగా వచ్చి దూరమైంది. దేవుడి గదిలో లారీలు పోవు.

"మేడంతోనే మాట్లాడాలి సార్."

ఫోన్ కట్టయింది.

"సంతకం ఉన్నది గదా. ఇంకేం గావాలె?" శరత్‌చంద్ర గొంతు పెంచాడు.

"గా సంతకం ఆమెది కాదు సారూ."

మెట్ల మీద నుంచి సాంబయ్య. ఒక్కో మెట్టే దిగి, జేబులోంచి కాగితం తీసి కౌంటర్ మీద పరిచాడు. ఆయన చేతిరాతలో మూడే వాక్యాలు. 'నా పేరు మీద మీ షాపులో ఉన్న వివరాలన్నీ తీసేయండి. నా కార్డు రద్దు చేయండి. నా గురించి ఎవరడిగినా ఇవ్వకండి. మనోరమ.' కింద నీలం సిరాతో వేలిముద్ర.

"ఇయ్యాల పొద్దుగాల ఏడు నలభైకి ఇచ్చింది. నేనింక సగం షెటరే లేపిన. ప్రణతమ్మ రాంగనే ఇద్దామనుకున్న, గింతల గీమె అచ్చింది" అంటూ నన్ను చూపించాడు.

"బీయే చదివిన మనిషి వేలిముద్ర ఏస్తదా?" శరత్‌చంద్ర ఎగతాళిగా అన్నాడు.

"ఎడమచేతి వేలు సారూ అది. కుడిచేతికి మోచేతిదాంక పిండికట్టున్నది. వేళ్ళు కదుల్తలేవు. బాత్రూంల జారిపడ్డ అన్నది." సాంబయ్య ఆగాడు. "నేను నమ్మలే."

ఏడు నలభైకి పెన్ను పట్టలేని చెయ్యి, పది గంటలకు వంకర లేని సంతకం పెట్టింది. శరత్‌చంద్ర తన కాగితాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు.

"సంతకం నా ముందల పెట్టలే. కవర్ల పెట్టి ఇచ్చిండు" అన్నాడు మెల్లగా. ఆ గొంతు నాకు తెలుసు. అబద్ధం చెప్పేటప్పుడు ఆయన గొంతు ఇంకా బాగుంటుంది.

ప్రణతి రిజిస్టర్ తీసి, తేదీ వేసి, పైకి చదువుతూ రాసింది. "వివరాలు అడిగినది ఖాతాదారు అని తేలలేదు. ఇవ్వలేదు." తర్వాత మధులిక ఉత్తరంలో అడ్రస్ ఉన్న భాగాన్ని కత్తిరించి నా చేతికిచ్చింది. కత్తెర గీత తప్పలేదు.

"కాకా, ఆ అమ్మ ఇప్పుడేడున్నది?" అడిగాను.

సాంబయ్య తల దించుకున్నాడు. "అడ్రస్ అడిగితే చీటి మీద రాసిచ్చిన. ఎనిమిది గంటల నిర్మల్ బస్సెక్కింది. ఫోన్ ఇంట్లనే ఇడిసిపెట్టింది, కొడుకు పట్టుకుంటడని."

మరి ఇప్పుడు ఆ ఫోన్ ఎత్తినవాడు ఇంట్లో లేడు. రోడ్డు మీద ఉన్నాడు.

శరత్‌చంద్ర కుర్చీలో కూలబడ్డాడు. "డబ్బా అందిందని కొరియరోళ్ళ మెసేజ్ ఆమె ఫోన్‌ల ఉన్నది. బోథ్ అని ఉన్నది గంతే, ఇల్లు లేదు. పొద్దుగాల గా మెసేజ్ చూసి నాకు ఫోన్ చేసిండు. పదిన్నరకు కార్ల బయలెల్లిండు. ఇంటి నంబర్ కోసమే నన్నిక్కడికి పంపిండు."

*

పన్నెండు నలభైకి మధులికకు ఫోన్ చేశాను. "తాళమేసి మీ హెడ్‌మేడం ఇంటికి పో. ఆయన బోథ్‌కు వస్తుండు. ఇల్లు తెల్వదు ఆయనకు. డబ్బా పంపింది మీ అత్తమ్మ. ఆమె కూడా వస్తుంది, చెయ్యి విరిగింది."

"చెయ్యి... ఎట్ల విరిగింది?"

నేను చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది.

"నేను పోను అక్కా."

"మధులికా..."

"గంత దూరం ఒక్కతే అస్తుంది. తాళం చూసి ఏడికి పోతది? నేనాయింట్లకెల్లి ఎల్లిన రోజు, వెనక తలుపు గడియ తీసింది ఆమెనే. ఎవ్వరికీ చెప్పలే నేను. మీక్కూడా."

బతిమాలాను, కోప్పడ్డాను. వినలేదు. చివరికి, అత్తమ్మ రాగానే ఇద్దరూ హెడ్‌మేడం ఇంటికి వెళ్ళాలన్న మాట మాత్రం తీసుకున్నాను. ఆయనకు ఇల్లు తెలియదు కదా, ఆ కాస్త సమయం మనకుంది అనుకున్నాను.

ఒంటిగంట ఇరవై ఐదుకు, మేమింకా షాపులోనే ఉండగా, ఆమే ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టాను. ఏడుస్తోంది, నవ్వుతోంది. ఏది ఎక్కువో చెప్పలేను.

"అచ్చింది అక్కా! అత్తమ్మ అచ్చింది!"

"ఇగ బయలెల్లున్రి. ఇప్పుడే."

"పొద్దటి నుంచి చాయ్ గూడ తాగలేదట. చేత్తోని తినరాదు గదా, నేను తినిపిస్తున్న. రెండు ముద్దలు తిననియ్యి అక్కా."

వెనుక నుంచి పెద్దామె గొంతు, అలసిపోయి, మెత్తగా. "ఉప్పు జర తక్కువైంది బిడ్డా."

"అప్పుడు గూడ గిట్లనే అంటుంటివి."

నాకు ఫోన్ పెట్టేయాలనిపించలేదు. అయినా ఒక ప్రశ్న అడగాలి. "అమ్మా, నేను జమునను. ఇల్లెట్ల దొరికింది మీకు? బస్సు గింత తొందరగా రాదు గదా."

"నిర్మల్ల బస్సు దిగి నిలబడ్డ బిడ్డా. ఎవరో మంచిమనిషి, బోథ్‌కే పోతున్న పెద్దమ్మా అని కార్ల ఎక్కించుకున్నడు. నా చెయ్యి సూసి సంచి గూడ ఆయనే పట్టిండు. చీటి సూపెడితే ఇంటి ముందటిదాంక తెచ్చి దించిండు."

శరత్‌చంద్ర తలెత్తి నావైపు చూశాడు. అదే క్షణంలో ఆయన చేతిలోని ఫోన్ టింగుమంది.

ఆయన చూశాడు. ఫోన్ నావైపు తిప్పాడు. మధులిక కోసం ఆయనే పెట్టిన వాట్సాప్ గ్రూపు. అందులో సంతోష్‌రావు, మనోరమకు ముఖం తెలియని, ముందే ఇంకో కారులో నిర్మల్‌కు పంపిన ఆయన కొత్త డ్రైవర్, శరత్‌చంద్ర. డ్రైవర్ పెట్టిన ఫోటోలో నీలం తలుపు, గడప ముందు చెప్పుల జత. కింద లొకేషన్. 'పెద్దమ్మను దించిన సార్. చిన్నమ్మ లోపలనే ఉన్నది. నేను తలుపు ముందరే ఉన్న.'

"తీసెయ్యున్రి సార్" అన్నాను. "గ్రూపు మీది. అందరికీ పోయేటట్టు మీరు తీసేయొచ్చు."

ఆయన వేలు ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఫోటో పోయింది. లొకేషన్ పోయింది. అడ్మిన్ తొలగించారు అని ఒక చిన్న వాక్యం మిగిలింది. ప్రణతి అప్పటికే షాపు ఫోన్‌లో వందకు కలిపి, బోథ్, బోథ్ అని ఎవరికో చెబుతోంది.

ఆ చిన్న వాక్యం కిందికి ఇంకో మెసేజ్ వచ్చి పడింది. సంతోష్‌రావుది.

'చూసిన. నేరడిగొండ దాటిన.'

నేరడిగొండ నుంచి బోథ్‌కు అరగంట కూడా పట్టదు. నేను స్పీకర్ ఆపి నా ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాను. గొంతు మామూలుగా ఉండేలా చూసుకున్నాను.

"మధులికా, ఆ ఇంటికి వెనక తలుపున్నదా?"

అవతల పళ్ళెం గీసిన చప్పుడు. "నోరు తెరువు అత్తమ్మా, ఇంకొక్కటే" అని మెల్లగా అన్నది. తర్వాత నాతో, ఇంకా నవ్వుతున్న గొంతుతో:

"లేదక్కా. ఒకటే అర్ర, ఒకటే తలుపు. ఎందుకు?"